ఒక పేపరు తప్పితే చదువు ఆగిపోతుందా?

కొండపల్లి నుండి ఒక సోదరి ఇలా వ్రాశారు: “మా అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం, బై.పి.సి. గ్రూపు. రెండు సబ్జెక్టులలో తప్పింది. మొదటి సంవత్సరం మొత్తం మళ్ళీ చదవాలేమో, కట్టిన ఫీజు వృథా అయిందని మావారు దిగులుపడుతున్నారు. చదివింది చాలు, వచ్చిన సంబంధం ఖాయం చేసుకుందామని పిల్ల దాదీమా అంటున్నారు. అమ్మాయి అన్నం సరిగా తినడం లేదు. నేను ఏడవ తరగతి వరకే చదువుకున్నాను. ఈ లెక్కలు నాకు తెలియవు. నా బిడ్డ చదువు ఇక్కడితో ఆగిపోయినట్లేనా?”

సోదరీ, ముందుగా మీ ప్రశ్నకు సమాధానం. ఆగిపోలేదు. మీ అమ్మాయి మొదటి సంవత్సరం మళ్ళీ చదవవలసిన పని లేదు. ఆమె రెండవ సంవత్సరంలో కూర్చోవచ్చు. తప్పిన రెండు సబ్జెక్టులను మాత్రమే సప్లిమెంటరీ పరీక్షలో వ్రాసుకోవచ్చు. ఉత్తీర్ణమైన సబ్జెక్టుల మార్కులు ఆమెవే. వాటిని ఎవరూ తీసివేయరు.

ఈ నాలుగు మాటలు తెలియక మన ఇళ్ళలో ఎందరో పిల్లల చదువులు నిలిచిపోతున్నాయి. పిల్ల ఒక పేపరు తప్పడం చిన్న విషయం. ఆ తరువాత ఏమి చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం పెద్ద విషయం. కావున ఈ నెల శీర్షికను ఇంటర్మీడియట్ నియమాలను పెద్దలకు వివరించడానికే కేటాయిస్తున్నాము.

ఉత్తీర్ణత అంటే ఏమిటి?

మన రాష్ట్రంలో పదవ తరగతి తరువాత రెండేళ్ళ చదువును ఇంటర్మీడియట్ విద్యామండలి నడుపుతుంది. రెండు సంవత్సరాలకూ వేర్వేరుగా పబ్లిక్ పరీక్షలు ఉంటాయి. రెండింటి మార్కులూ కలిపితే వెయ్యి. ఒక విద్యార్థి ఉత్తీర్ణత పొందాలంటే ప్రతి సబ్జెక్టులోనూ నూటికి 35 చొప్పున మార్కులు రావాలి. ఒక సబ్జెక్టులో నూటికి తొంభై వచ్చినా, వేరొక సబ్జెక్టులో 35 శాతం రాకపోతే ఆ సబ్జెక్టు తప్పినట్లే. ఇంగ్లీషు, రెండవ భాష వంటివి ‘ఎలాగూ గట్టెక్కుతాయి’ అని వదిలివేసే పిల్లలు ఈ కారణం చేతనే చిక్కుల్లో పడతారు.

మొత్తం మార్కులను బట్టి శ్రేణులు ఉన్నాయి. వెయ్యికి 750, ఆపైన వస్తే ఏ గ్రేడు; 600 నుండి 749 వరకు బి; 500 నుండి 599 వరకు సి; 350 నుండి 499 వరకు డి.

సైన్సు గ్రూపుల వారికి రెండవ సంవత్సరంలో ప్రాక్టికల్ పరీక్షలు ఉంటాయి. వాటిలోనూ విడిగా ఉత్తీర్ణులు కావాలి. ఇవి ప్రధాన పరీక్షలకు కొన్ని వారాల ముందే జరుగుతాయి. ఆ రోజున పెళ్ళికో, ఊరికో తీసుకువెళితే ఏడాది శ్రమ చిక్కులో పడుతుంది.

తల్లిదండ్రులు చాలామందికి తెలియని చిన్న పరీక్షలు మరి రెండు ఉన్నాయి. ఒకటి నైతికత, మానవ విలువలు. రెండవది పర్యావరణ విద్య. మొదటి సంవత్సరంలో, ప్రాక్టికల్స్‌కు ముందే వీటిని నిర్వహిస్తారు. ఈ మార్కులు వెయ్యిలో కలవవు. అయితే వీటిలో ఉత్తీర్ణత లేనిదే సర్టిఫికెట్ చేతికి రాదు. అన్ని సబ్జెక్టులూ ప్యాసై, ఈ రెండింటిలో ఒకటి వ్రాయని కారణంగా సర్టిఫికెట్ కోసం ఎదురుచూడవలసి వస్తే ఆ బాధ చెప్పనలవి కాదు. మీ బిడ్డను ఈరోజే అడగండి: ‘ఆ రెండూ వ్రాశావా? ప్యాసయ్యావా?’

హాజరు సంగతి కూడా చూడాలి. రెగ్యులర్ విద్యార్థులకు 75 శాతం హాజరు ఉండాలి. ఆర్ట్స్ గ్రూపుల వారికి కాలేజీకి వెళ్ళకుండానే ప్రైవేటుగా పరీక్ష వ్రాసే వెసులుబాటు ఉన్నది. సైన్సు గ్రూపులకు ప్రాక్టికల్స్ ఉండడం వలన ఆ వీలు లేదు.

ఇవి ఎప్పుడూ ఒకేలా ఉండే నియమాలు కావు. 2025-26 విద్యా సంవత్సరంలో మొదటి సంవత్సరం వారికి పెద్ద మార్పులే వచ్చాయి. జాతీయ స్థాయి ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యప్రణాళికను ప్రవేశపెట్టారు. రెండుగా ఉన్న గణితం పేపర్లను ఒకటి చేశారు. వృక్షశాస్త్రాన్ని, జంతుశాస్త్రాన్ని కలిపి జీవశాస్త్రంగా మార్చారు. అందుచేత పెద్దన్న చదివిన కాలపు మార్కుల లెక్కను చిన్నచెల్లెలికి వర్తింపజేయరాదు. పాత పుస్తకాలు ఇచ్చి సరిపెట్టడమూ కుదరదు.

తప్పినవారికి ఉన్న అవకాశాలు

2025లో మన రాష్ట్రపు ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న వెలువడ్డాయి. మొదటి సంవత్సరంలో 70 శాతం, రెండవ సంవత్సరంలో 83 శాతం ఉత్తీర్ణులయ్యారు. అంటే మొదటి సంవత్సరం పరీక్ష వ్రాసిన ప్రతి వందమందిలో ముప్ఫైమంది ఏదో ఒక సబ్జెక్టులో తప్పినవారే. మీ అమ్మాయి ఒంటరి కాదు. సరిగ్గా నెలరోజులకు, మే 12న, సప్లిమెంటరీ పరీక్షలు ప్రారంభమయ్యాయి.

ఫలితాలు వచ్చిన వెంటనే చేయవలసిన పనులు మూడు. మొదటిది: మార్కులపై అనుమానం ఉంటే రీకౌంటింగ్‌కు గాని, జవాబుపత్రం రీవెరిఫికేషన్‌కు గాని దరఖాస్తు చేయాలి. రెండవది: ఆ ఫలితం కోసం వేచి ఉండకుండా సప్లిమెంటరీ ఫీజు కట్టివేయాలి. ఈ రెండింటికీ గడువు కొద్ది రోజులే. దుఃఖంలో ఉన్న ఇల్లు తేరుకునేలోగా ఆ గడువు దాటిపోతుంది. పిల్లను మందలించడం తరువాత కూడా చేయవచ్చు, ఫీజు మాత్రం తరువాత కట్టలేము. మూడవది: తప్పిన సబ్జెక్టుకు ఆ నెలరోజులూ ఇంట్లో సమయం ఇవ్వాలి. వంటపని, తమ్ముళ్ళ ఆలనాపాలన ఆ కొద్ది రోజులు మరొకరు చూసుకోవాలి.

సప్లిమెంటరీలోనూ కొన్ని మార్కులు తక్కువైతే, ఆ సబ్జెక్టును రెండవ సంవత్సరం పరీక్షలతో పాటు వ్రాయవచ్చు. మొదటి సంవత్సరం ప్యాసై, మార్కులు చాలవనుకున్నవారు కూడా ఇంప్రూవ్‌మెంట్‌గా మళ్ళీ వ్రాసుకోవచ్చు. ఎందుకు వ్రాయాలి అన్న ప్రశ్నకు సమాధానం తరువాతి భాగంలో ఉన్నది.

ప్యాసు మార్కు వేరు, అర్హత మార్కు వేరు

ఇక్కడే పెద్దలు ఎక్కువగా పొరబడతారు. ‘ఇంటర్ ప్యాసైంది, ఇక ఇంజనీరింగుకో, డాక్టరీకో పంపుదాం’ అనుకుంటారు. 35 శాతం మార్కులు ఇంటర్ సర్టిఫికెట్ ఇప్పిస్తాయి. పై చదువులన్నింటికీ చాలవు.

మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ ప్రవేశానికి ఏపీ ఈఏపీసెట్ వ్రాయాలి. ర్యాంకు వచ్చినా సరే, ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టులన్నీ కలిపి 45 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం ఉండాలి. పైగా ఆ ర్యాంకులో నాల్గవ వంతు, అంటే 25 శాతం, ఇంటర్ మార్కులనుండే లెక్కిస్తారు.

వైద్యవిద్యకు నీట్ తప్పనిసరి. అందులో అర్హత పొందినా ఇంటర్ భౌతిక, రసాయన, జీవశాస్త్రాలలో కలిపి 50 శాతం ఉండాలి. ఎస్.సి., ఎస్.టి., ఓ.బి.సి. వర్గాలకు ఇది 40 శాతం. ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండి ఉండాలి.

వరంగల్లు, తాడేపల్లిగూడెం వంటి చోట్ల ఉన్న ఎన్.ఐ.టి.లలో చేరాలంటే జేఈఈ మెయిన్ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం మార్కులైనా ఉండాలి, లేదా తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లోనైనా నిలవాలి. ఎస్.సి., ఎస్.టి. వారికి 65 శాతం చాలు.

బి.ఎ., బి.కాం., బి.ఎస్‌సి. వంటి డిగ్రీలకు ఇంటర్ ఉత్తీర్ణత చాలు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకుంటే మార్కులనుబట్టి సీటు వస్తుంది. విజయవాడ మాచవరంలోని ఎస్.ఆర్.ఆర్., సి.వి.ఆర్. ప్రభుత్వ కళాశాల 1937 నుండి ఈ ప్రాంతపు పేద పిల్లలకు డిగ్రీ చదువు చెబుతున్నది.

కాబట్టి ఇంప్రూవ్‌మెంట్ వ్రాయడం ఆడంబరం కాదు. 38 శాతంతో ప్యాసైన పిల్ల మరికొన్ని మార్కులు తెచ్చుకుంటే, మూసి ఉన్న ఒక ప్రవేశం ఆమెకు తెరుచుకుంటుంది.

గ్రూపు ఎంచుకునే ముందు

గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివిన విద్యార్థి తరువాత కామర్సు డిగ్రీకీ, న్యాయవిద్యకూ, చార్టర్డ్ అకౌంటెన్సీకీ వెళ్ళవచ్చు. సి.ఇ.సి. లేక హెచ్.ఇ.సి. చదివినవారు ఇంజనీరింగుకు గాని, వైద్యానికి గాని మారలేరు. దీని అర్థం అందరినీ సైన్సులో చేర్చాలని కాదు. లెక్కలంటే భయపడే పిల్లను ఎం.పి.సి.లో కూర్చోబెట్టి రెండేళ్ళ తరువాత తప్పించడం కన్న, సి.ఇ.సి.లో చేర్చి మంచి మార్కులతో న్యాయవాదిగానో, అకౌంటెంటుగానో తీర్చిదిద్దడం మేలు. బై.పి.సి. చదివితే ఎం.బి.బి.ఎస్. ఒక్కటే గమ్యమన్నదీ అపోహే. నర్సింగు, ఫార్మసీ, వ్యవసాయం, పశువైద్యం, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ అన్నీ ఆ దారిలోనివే. మీ అమ్మాయికి కూడా ఇవన్నీ ఇంకా అందుబాటులోనే ఉన్నాయి.

ఇంటర్ ఒక్కటే దారి కాదు

పదవ తరగతి ముగించిన చిన్న పిల్లలు ఇంట్లో ఉంటే ఈ భాగం వారికోసం చదవండి. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్ళలో డిప్లొమా వస్తుంది. ఆపైన ఈసెట్ వ్రాసి ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. ఐ.టి.ఐ.లో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి వృత్తులు నేర్చుకోవచ్చు. కొండపల్లి పారిశ్రామికవాడ, ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం కళ్ళెదుట ఉన్న మన పిల్లలకు ఆ వృత్తుల విలువ వేరుగా చెప్పనవసరం లేదు.

నూజివీడులోని ట్రిపుల్ ఐటీ 2008లో గ్రామీణ విద్యార్థుల కోసమే మొదలైంది. అక్కడ ప్రవేశం పదవ తరగతి మార్కుల ఆధారంగా లభిస్తుంది. ఇంటర్‌తో సమానమైన రెండేళ్ళూ, ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ కలిపి ఆరేళ్ళ చదువు. ఇంటర్‌లోనే వొకేషనల్ కోర్సులు కూడా ఉన్నాయి. వాటిని చదివినవారు బ్రిడ్జి కోర్సు వ్రాసి పై చదువులకు వెళ్ళవచ్చు.

మదరసాలో హిఫ్జ్ పూర్తిచేసిన పిల్లవాడికి వయసు మించిపోయిందని బాధపడే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. వారికి సార్వత్రిక విద్యాపీఠం ఉన్నది. రాష్ట్రంలోనిది ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ, జాతీయ స్థాయిలోనిది ఎన్.ఐ.ఓ.ఎస్. 14 ఏళ్ళు నిండిన పిల్లవాడు అందులో పదవ తరగతి, ఆ తరువాత ఇంటర్ వ్రాయవచ్చు. తప్పిన సబ్జెక్టులను విడతలుగా పూర్తిచేయవచ్చు. పెళ్ళితో చదువు ఆగిపోయిన కోడళ్ళకు కూడా ఇదే మార్గం. హాఫిజ్ అయిన కుమారుడు డిగ్రీ చదవడం, పిల్లల తల్లి ఇంటర్ ప్యాసుకావడం వింతలు కావు.

కాగితాలు భద్రం

మన ఇళ్ళలో ఒక ఇబ్బంది తరచు ఎదురవుతుంది. ఆధార్‌లో ‘షేక్’ అని, పదవ తరగతి మెమోలో ‘ఎస్.కె.’ అని, బ్యాంకు పుస్తకంలో మరొక విధంగా పేరు ఉంటుంది. ‘ముహమ్మద్’ అన్న పేరుకైతే నాలుగైదు స్పెల్లింగులు. కౌన్సెలింగ్ నాడు ఈ తేడా వలన సీటుకే ఆటంకం కలుగుతుంది. పదవ తరగతి మెమోలోని పేరును, పుట్టిన తేదీని ఆధారం చేసుకుని మిగిలిన కాగితాలను ముందుగానే సరిచేయించుకోవాలి. ఆరవ తరగతి నుండి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు జాగ్రత్తపరచాలి. స్థానికతను వాటినిబట్టే నిర్ణయిస్తారు.

2007 నాటి చట్టంలో పేర్కొన్న వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా వర్గాలు బి.సి.-బి కిందికి వస్తాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలకు బి.సి.-ఇ వర్తించదు. వారు ఆదాయ పరిమితికి లోబడి ఆర్థికంగా వెనుకబడిన వర్గాల ధ్రువపత్రం పొందవచ్చు. ఒక హెచ్చరిక: కేంద్ర ఓ.బి.సి. జాబితా రాష్ట్ర జాబితా ఒకటి కావు. నీట్, జేఈఈ దరఖాస్తులో ఓ.బి.సి. అని నింపే ముందు మీ వర్గం పేరు కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో మీసేవలోనో, తహసీల్దారు కార్యాలయంలోనో విచారించండి.

ఖర్చు గురించి

సప్లిమెంటరీ వ్రాయించడానికి పెద్ద ఖర్చు లేదు. రెండవ సంవత్సరం ప్రైవేటు కాలేజీ ఫీజు భారమైతే ప్రభుత్వ జూనియర్ కళాశాలను కూడా ఆలోచించండి. అక్కడ పాఠ్యపుస్తకాలు ఉచితం. 2025 జనవరిలో విజయవాడ పాయకాపురం ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ప్రారంభించిన మధ్యాహ్న భోజన పథకం రాష్ట్రంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు వర్తిస్తున్నది. తల్లికి వందనం పథకం కింద 2025 జూన్‌లో అర్హులైన తల్లుల ఖాతాలలో ఒక్కొక్క బిడ్డకు 13,000 రూపాయలు జమ చేశారు. ఇంటర్ చదివే పిల్లలకూ అది వర్తిస్తుంది, 75 శాతం హాజరు షరతు. పదవ తరగతి ముగిసిన పిల్లలు ఏపీఆర్‌జేసీ ప్రవేశ పరీక్ష వ్రాస్తే కృష్ణా జిల్లా నిమ్మకూరు వంటి గురుకుల జూనియర్ కళాశాలలలో వసతితో సహా చదువు లభిస్తుంది. గుంటూరులో బాలురకు, వాయల్పాడులో బాలికలకు మైనారిటీ గురుకులాలు ఉన్నాయి.

ఇవేవీ విచారించకుండా, పక్కింటివారు చేర్చారని పెద్ద కాలేజీలో చేర్చి, వడ్డీకి అప్పు తెచ్చి ఫీజు కట్టే కుటుంబాలు ఉన్నాయి. విద్య పుణ్యకార్యం, దానికోసం అల్లాహ్ నిషేధించిన వడ్డీలో దిగడం ఎందుకు? హలాల్ సంపాదనలో ఇమిడే చదువు మన ముంగిటే ఉన్నప్పుడు దానినే ఎంచుకోవడం వివేకం.

సంబంధం మాట

ఇక మీ అత్తగారి మాట. ఆమెను తప్పుపట్టకండి. మనవరాలి క్షేమం కోరే ఆమె అలా అన్నారు. అయితే ఆమెకు వినయంగా కొన్ని విషయాలు విన్నవించండి. పద్దెనిమిదేళ్ళు నిండకుండా ఆడపిల్ల పెళ్ళి చేయడాన్ని 2006 నాటి చట్టం నిషేధిస్తున్నది. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లకు ఆ వయసు సాధారణంగా నిండదు. నికాహ్‌కు పిల్ల అంగీకారం తప్పనిసరి అన్నది మన ధర్మశాస్త్రం. పరీక్ష తప్పిన దుఃఖంలో తలవంచుకుని ఉన్న పిల్ల మౌనాన్ని అంగీకారంగా భావించడం న్యాయం కాదు. ఓటమికి శిక్షగా పెళ్ళి చేయకూడదు. నికాహ్ ఒక సున్నత్. దానిని సంతోషంతో, సిద్ధపడిన మనసుతో జరపాలి.

బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీలలో పరిహారం చెల్లించలేనివారు, చదువు వచ్చినవారైతే, మదీనా పిల్లలు పదిమందికి వ్రాయడం చదవడం నేర్పి విడుదల పొందవచ్చని దైవప్రవక్త (స) అనుమతించినట్లు సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. కత్తి దూసి వచ్చినవారి చేతనైనా పిల్లలకు చదువు చెప్పించిన ప్రవక్త (స) ఉమ్మత్ మనది. అలాంటి ఉమ్మత్‌లో ఒక పేపరు తప్పిన కారణంగా పుస్తకాలు అటకెక్కించడం తగునా? ఇంటిపెద్ద తన కుటుంబానికి బాధ్యుడని, దానిని గురించి ప్రశ్నింపబడతాడని కూడా ఆయనే (స) బోధించారు. కాపరికి మేత ఎక్కడ ఉన్నదో తెలియాలి. ఈ కాలంలో మన బిడ్డల చదువు నియమాలు తెలుసుకోవడం ఆ బాధ్యతలో భాగమే.

సోదరీ, మీరు ఏడవ తరగతి వరకే చదివానని వ్రాశారు. అయినా ఒక ఉత్తరం వ్రాసి విషయం విచారించారు; తల్లిగా మీరు చేయవలసిన మొదటి పని చేశారు. ఇక రెండవ పని: మీవారిని వెంటబెట్టుకుని అమ్మాయి కాలేజీకి వెళ్ళండి. సప్లిమెంటరీ ఫీజుకు చివరి తేదీ ఏది, నైతికత, పర్యావరణ పరీక్షలలో అమ్మాయి ఉత్తీర్ణురాలైనదా, హాజరు ఎంత ఉన్నది అన్న మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితంపై వ్రాయించుకోండి. ఫీజు కట్టి రసీదు తీసుకోండి. సాయంత్రం మీ అమ్మాయికి ఇష్టమైనది వండి, పక్కన కూర్చుని తినిపించండి. ఫజ్ర్ నమాజు తరువాత రెండు గంటలు ఆమె ప్రశాంతంగా చదువుకునేలా ఇంట్లో ఏర్పాటు చేయండి. ఆ సమయంలో మీరు ఆమె కోసం దుఆ చేయండి. జ్ఞానాన్ని పెంచమని వేడుకోవడం స్వయంగా అల్లాహ్ తన ప్రవక్త (స)కు నేర్పిన ప్రార్థన.

అల్లాహ్ మీ బిడ్డ శ్రమను స్వీకరించి, ఆమె జ్ఞానాన్ని ఇంటికీ సమాజానికీ మేలు చేకూర్చేదిగా చేయుగాక. ఆమీన్.